భీమిలి పేరు పెట్టుకున్న బ్యాక్టీరియా సంగతి ఎందుకు రాయరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త చదివాను. "గాలి లేకుండా బతికే వింత బ్యాక్టీరియా" అని హెడ్డింగ్. కింద ఏడెనిమిది లైన్లు, పక్కన ముళ్ల బంతిలాంటి ఎర్రటి బొమ్మ. ఆ బొమ్మ బ్యాక్టీరియాది కాదండీ, కరోనా వైరస్‌ది. వార్తలో ఆ బ్యాక్టీరియా పేరు లేదు, ఏ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల ఏ గుంపుకు చెందిందో లేదు, కొత్తదని ఎవరు ఎలా తేల్చారో లేదు, చివర్లో మాత్రం ప్రజలు అప్రమత్తంగా ఉండాలని ఒక మాట ఉంది. అది చదివి మా అత్తగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వంటింట్లోకి వచ్చి "అమ్మాయ్, పిల్లల్ని చెరువు గట్టు మీదికి పంపకు, అదేదో కొత్త పురుగొచ్చిందట" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. పేపర్లో పడింది కాబట్టి నమ్మారు.

నేను కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా మైక్రోబయాలజీ చెబుతున్నాను. ఈ ఉత్తరం ఆ విలేకరి మీద కోపంతో రాయడం లేదు. ఒక కొత్త బ్యాక్టీరియాకు పేరు పెట్టడం వెనక ఎంత చాకిరీ ఉంటుందో, ఆ చాకిరీని మన తెలుగువాళ్లు మన తీరపు మట్టితోనే ఎంత బాగా చేశారో మీ పాఠకులకు తెలియాలని రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, వీలైనంత వేసుకోండి.

ముందు ఆ "వింత" మాట. గాలి లేకుండా బతకడం వింత కాదు. భూమి మీద గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైందే సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట, అంతకు ముందు వంద కోట్ల ఏళ్లకు పైగా ఇక్కడ బతికినవన్నీ ఆక్సిజన్ అవసరం లేని సూక్ష్మజీవులే. ఇప్పటికీ మన పెద్దపేగులో ఎక్కువ భాగం అవే, గోబర్ గ్యాస్ ట్యాంకులో అవే, వరి చేలో నీళ్ల కింది మట్టిలో అవే. 1861లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ మైక్రోస్కోపు కింద ఒక బొట్టు చూస్తూ గమనించాడు: బొట్టు మధ్యలో ఉన్న బ్యాక్టీరియా చురుగ్గా కదులుతున్నాయి, గాలి తగిలే అంచు దగ్గర ఉన్నవి మాత్రం కదలిక ఆగి పడి ఉన్నాయి. మనకు ప్రాణమైన గాలి వాటికి విషమని మొదటిసారి తెలిసింది అక్కడే. మా పుస్తకాల్లో వీటిని అవాయు బ్యాక్టీరియా అంటాం. వీటిలో ధనుర్వాతం తెచ్చేవీ ఉన్నాయి, రోగంతో ఏ సంబంధం లేనివీ లెక్కలేనన్ని ఉన్నాయి. కాబట్టి అవాయు అనగానే భయపెట్టే హెడ్డింగ్ పెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2007లో సూక్ష్మజీవుల వర్గీకరణకు ప్రపంచంలో అందరూ ప్రమాణంగా తీసుకునే పత్రికలో ఒక కొత్త పేరు అచ్చయింది. మారిక్రొమేషియం భీమ్లికమ్. భీమ్లికమ్ అంటే భీమిలికి చెందినది అని. మన భీమునిపట్నమే. సముద్రపు నీటి ఆక్వా చెరువు నుంచి వేరుచేసిన ఊదారంగు బ్యాక్టీరియా అది. అదే ఏడాది థయోరోడోకాకస్ భీమ్లికస్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ అని మరో రెండు, రోడోవులమ్ విశాఖపట్నమెన్స్ అని ఇంకొకటి. కాకినాడ పేరు ఒక జీవికి శాశ్వతంగా పెట్టారని మా ఊళ్లో ఎంతమందికి తెలుసు? మా స్టాఫ్ రూములో అడిగితే బోటనీ మేడమ్‌కి కూడా తెలియదు. ఈ పని చేసింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చింతలపాటి వెంకట రమణ గారు, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో చింతలపాటి శశికళ గారు, వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేసిన పిల్లలు. భీమిలి, కాకినాడ పేర్లున్న మూడింటికీ జర్మనీలో ఈ రకం బ్యాక్టీరియా వర్గీకరణకు పెద్దదిక్కైన ఇమ్‌హాఫ్ గారు కూడా కలిసి పనిచేశారు.

పేర్లు నోరు తిరగనట్టు ఉంటాయి కానీ విడగొడితే చాలా తేలిక. మారి అంటే సముద్రం, క్రొమేషియం అంటే రంగున్నది. థయో అంటే గంధకం, రోడో అంటే గులాబి, కాకస్ అంటే గింజలా గుండ్రంగా ఉన్నది. గంధకంతో పనిచేసే గులాబీ గింజ అన్నమాట. ఒకచోట భీమ్లికమ్, ఇంకోచోట భీమ్లికస్ అని ఉందేమిటి, అచ్చుతప్పా అని నా స్టూడెంట్ ఒకమ్మాయి అడిగింది. అచ్చుతప్పు కాదు. లాటిన్‌లో మొదటి మాటైన ప్రజాతి పేరు ఏ లింగమైతే రెండో మాటైన జాతి పేరు చివర దానికి తగ్గట్టు మారాలి. మనం వచ్చాడు, వచ్చింది అన్నట్టే. ఒక్క అక్షరం తేడా వచ్చినా సరిదిద్దడానికి ప్రత్యేకంగా మనుషులున్నారు. అంత పట్టింపుగా చేసే పని ఇది.

ఇవి ఏం చేస్తాయో చెబితే ఎందుకంత చాకిరీయో అర్థమవుతుంది. కోరింగ మడ అడవుల్లోకి వెళ్లినవాళ్లకు తెలుసు, అలల పోటు తగ్గాక బురదలో కాలు పెడితే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. భీమిలి, కాకినాడ పేర్లున్న మూడూ ఊదారంగు గంధక బ్యాక్టీరియా. అలాంటిది ఆ గ్యాస్‌ని తీసుకుని, ఎండ వెలుగుతో తన ఆహారం తానే తయారు చేసుకుంటుంది, మొక్కలాగా. కానీ మొక్కలాగా ఆక్సిజన్ వదలదు. తీసుకున్న గంధకాన్ని ఒంట్లోనే చిన్న చిన్న గుళికలుగా దాచుకుంటుంది. మైక్రోస్కోపులో చూస్తే ఆ గుళికలు నూకల్లా మెరుస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను అర్ధగంట ఐపీస్ మీద నుంచి తల ఎత్తలేదు.

వీటిని పట్టుకోవడం ఎలాగో ఏటా మా ఫైనలియర్ పిల్లలతో చేయిస్తాను, మీకూ చెబుతాను. కోరింగ నుంచి తెచ్చిన నల్ల మట్టి ఒక చెంచాడు గాజు సీసాలో వేసి, ఉప్పు, ఖనిజ లవణాలు, కొద్దిగా సల్ఫైడ్ కలిపిన నీళ్లు మూతి అంచు దాకా పోసి, మధ్యలో గాలి బుడగ మిగలకుండా మూత బిగించాలి. దాన్ని బల్బు ముందు పెట్టి వదిలేయాలి. మూడేళ్ల కిందట ఒక బ్యాచ్‌కి అసలు రంగే రాలేదు. పది రోజులైంది, పదిహేను రోజులైంది, సీసాలో నల్ల మట్టి నల్లగానే ఉంది. మట్టి మార్చాం, ఉప్పు మార్చాం, పిల్లలు డీలా పడిపోయారు. చివరికి ఒకబ్బాయి బల్బు వంక చూసి "మేడమ్, ఇది ఎల్‌ఈడీ కదా" అన్నాడు. అప్పుడు నాకు వెలిగింది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా వాడుకునేది మన కంటికి కనిపించని పరారుణ కాంతిని, అంటే ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని. తెల్ల ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు కోసం ఊరంతా తిరిగితే మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక పాత ఎలక్ట్రికల్ షాపాయన అటక మీద నుంచి దుమ్ము దులిపి రెండు అరవై వాట్ల బల్బులు ఇచ్చాడు. అవి పెట్టిన తొమ్మిదో రోజు పొద్దున సీసాకి బల్బు వైపున్న గోడ మీద గులాబీ రంగు మరక కనబడింది, నాణెం అంత. మర్నాటికి అరచేయంత అయింది. పిల్లలు ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు.

కానీ అది మొదటి మెట్టు కూడా కాదు. ఆ గులాబీ మరకలో పది రకాలు కలిసి ఉంటాయి. అందులోంచి ఒక్క రకాన్ని విడదీయాలి. మామూలు బ్యాక్టీరియా అయితే ప్లేటు మీద గీస్తే చాలు, మర్నాటికి విడివిడిగా చుక్కలు వస్తాయి. వీటికి ప్లేటు మీద గాలి తగులుతుంది కదా, కుదరదు. అందుకని కరిగించిన అగర్, అంటే చల్లారితే గట్టిపడే జెల్లీ ఉన్న టెస్ట్‌ట్యూబుల్లో మొదటి దాంట్లో ఒక బొట్టు కలిపి, అందులోంచి రెండోదానికి, రెండోదాంట్లోంచి మూడోదానికి అలా పల్చన చేసుకుంటూ పోయి, గట్టిపడ్డాక పైన కరిగించిన మైనం పోసి మూసేస్తారు. వారం పది రోజులకు చివరి ట్యూబుల్లో అగర్ లోపల, సగ్గుబియ్యంలో చిక్కిన చీమ తలకాయంత ఎర్రటి చుక్కలు అక్కడక్కడ కనిపిస్తాయి. సన్నటి గాజు గొట్టంతో ఆ ఒక్క చుక్కనే పీల్చి మళ్లీ మొదటి నుంచి. అలా నాలుగైదు సార్లు చేస్తే గానీ ఇది ఒకే రకం అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేం.

అవాయు బ్యాక్టీరియాతో పనిచేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, పొద్దున ల్యాబ్‌లోకి రాగానే ముందు రంగు చూస్తారు. చాలా రకాల కల్చర్‌లలో, అంటే బ్యాక్టీరియాని పెంచే ద్రవాల్లో, రెసాజురిన్ అని ఒక రంగు కొద్దిగా కలుపుతారు. ఆక్సిజన్ లేనంత సేపూ నీళ్లు తేటగా ఉంటాయి, ఎక్కడ చిన్న లీకున్నా గులాబీ రంగులోకి తిరుగుతాయి. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో గోబర్ గ్యాస్ ట్యాంకు మట్టి నుంచి వేరుచేసిన ఒక స్ట్రెయిన్, అంటే విడదీసి పెంచిన ఒకే వంశం ఉండేది, మూడు నెలల కష్టం. ఎండాకాలం సెలవుల్లో ఒక వారం ఊరెళ్లి వచ్చేసరికి రబ్బరు బిరడా ఎండి పగిలి పన్నెండు ట్యూబుల్లో పదకొండు గులాబీ రంగుకు తిరిగిపోయాయి. మిగిలిన ఒక్కదాంట్లోనూ ఏం పెరగలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఆ స్ట్రెయిన్‌ని దాచుకోవడానికి మైనస్ ఎనభై ఫ్రీజర్ లేదు, అడిగితే వచ్చే బడ్జెట్‌లో అన్నారు. అది కొత్త జాతో పాత జాతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, ఇక తెలిసే దారి లేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ గులాబీ రంగు ట్యూబుల వరస నా కళ్ల ముందే ఉంది.

సరే, విడదీశారు, బతికించుకున్నారు అనుకుందాం. అప్పుడు మొదలవుతుంది వర్గీకరణ. మీ వార్తల్లో "జన్యు పరీక్షలో కొత్త జాతి అని తేలింది" అని ఒక్క ముక్కలో తేల్చేసే భాగం ఇదే. ప్రతి బ్యాక్టీరియాలోనూ 16ఎస్ అనే ఒక జన్యువు ఉంటుంది, సుమారు 1,500 అక్షరాల పొడవు. దాన్ని చదివి, ఇప్పటికే పేరున్న వాటితో పోల్చి చూస్తారు. మొన్నటి దాకా 97 శాతం కన్నా తక్కువ పోలిక ఉంటే వేరే జాతి అనేవారు, తరవాత ఆ గీతను 98.7 దగ్గరికి జరిపారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మా పిల్లలే కొందరు ఆ అక్షరాలు కంప్యూటర్‌లో పెట్టి 97 రాగానే "మేడమ్, కొత్త జాతి" అని వాట్సాప్ పెడతారు. కాదమ్మా, అది ఇంటి పేరు దాకా తెలిసినట్టు, మనిషెవరో తెలిసినట్టు కాదు అని చెబుతాను. పైగా 16ఎస్ దాదాపు ఒకేలా ఉండి కూడా వేరు వేరు జాతులైనవి బోలెడు.

అందుకే మొత్తం డీఎన్‌ఏని పోల్చాలి. 1987లో ఈ రంగం పెద్దలు కూర్చుని ఒక హద్దు పెట్టారు, రెండు స్ట్రెయిన్ల డీఎన్‌ఏలు ఒకదానితో ఒకటి జతకట్టడం 70 శాతం గానీ అంతకు పైన గానీ ఉంటే ఒకే జాతి అని. భీమిలి బ్యాక్టీరియా నాటికి అది ల్యాబ్‌లో చేత్తో చేయాల్సిన పరీక్ష, చాలా టెన్షన్ పెట్టే పరీక్ష, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా లెక్క మారిపోతుంది. ఇప్పుడు జీనోమ్, అంటే డీఎన్‌ఏ మొత్తం చదివి కంప్యూటర్‌లోనే పోలుస్తున్నారు, 95, 96 శాతం పోలిక దగ్గర గీత గీస్తున్నారు. ఇంత చేసినా సరిపోదు. అది ఎంత ఉప్పులో పెరుగుతుంది, ఏం తింటుంది, ఏ విటమిన్ కావాలి, దాని రంగు ఏ పిగ్మెంట్ల వల్ల వచ్చింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో లోపలి పొరలు బుడగల్లా ఉన్నాయా దొంతరలుగా ఉన్నాయా, అన్నీ రాయాలి. దగ్గరి చుట్టాలైన జాతుల అసలు స్ట్రెయిన్లు తెప్పించుకుని, పక్కపక్కనే పెట్టి, ఒకే ల్యాబ్‌లో అవే పరీక్షలు చేయాలి. భీమిలి బ్యాక్టీరియా విషయంలో అలా తేలిన తేడాల్లో ఒకటి నాకు భలే ఇష్టం. ఊదారంగు బ్యాక్టీరియాలో చాలావాటికి గాలిలోని నత్రజనిని పట్టుకునే శక్తి ఉంటుంది, దీనికి లేదు. వాళ్ల పేపర్ శీర్షికలోనే ఆ మాట పెట్టారు.

ఆ తర్వాత అప్పగింత. ఈ భాగం మీ విలేకర్లు తప్పకుండా తెలుసుకోవాలి. కొత్త జాతి అని ఎవరైనా ప్రకటిస్తే, ఆ పేరు చెల్లాలంటే, అసలు స్ట్రెయిన్‌ని కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో, అంటే సూక్ష్మజీవుల బ్యాంకుల్లో ప్రాణంతో అప్పజెప్పాలి, ఎవరు అడిగినా అక్కడి నుంచి తెప్పించుకుని పరీక్షించుకోగలగాలి. అంటే నేను కనుక్కున్నాను, నన్ను నమ్మండి అంటే కుదరదు. మన దేశంలో చండీగఢ్‌లో, పుణెలో ఇలాంటి బ్యాంకులున్నాయి, బయట జర్మనీ, జపాన్ కలెక్షన్లు పేరున్నవి. మన జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చాక మన నేల మీది సూక్ష్మజీవిని బయటి దేశానికి పంపడానికి పాటించాల్సిన నిబంధనలు వేరే ఉన్నాయి, దానికి చెన్నైలో నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ ఉంది. ఇవన్నీ దాటి, నేను మొదట్లో చెప్పిన వర్గీకరణ పత్రికలో అచ్చయినప్పుడో లేక దాని ధ్రువీకరణ జాబితాలో ఎక్కినప్పుడో పేరుకు చెల్లుబాటు వస్తుంది. ల్యాబ్‌లో పెంచలేక జన్యువుల్లో మాత్రమే కనిపించిన వాటికి కాండిడేటస్ అని ముందు తగిలించి తాత్కాలికంగా పిలుస్తారు. 2022 నుంచి జీనోమ్ ఆధారంగానే పేరు పెట్టే వేరే పద్ధతి కూడా మొదలైంది. దాని మీద వాదనలు నడుస్తున్నాయి, నడవనివ్వండి. గాలి గిట్టని వాటిలో చాలా భాగం ఇంకా ఎవరి సీసాలోనూ పెరగలేదు కాబట్టి ఆ దారి కూడా అవసరమే అని నా అభిప్రాయం.

ఇదంతా చదివి, మాకెందుకమ్మా ఈ పేర్ల గొడవ అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు మా తమ్ముడి చెరువు సంగతి చెబుతాను. ఉప్పాడ వైపు నాలుగెకరాల్లో వెనామీ రొయ్య వేస్తాడు. రెండేళ్ల కిందట డెబ్బై రోజుల పంట మీద ఉండగా అడుగున గ్యాస్ పడింది, చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, తెల్లారుజామున రొయ్య అంచుకొచ్చి తేలుతోంది. ఆ గ్యాస్ తగ్గడానికి ఊళ్లో ఒక షాపులో పీఎస్‌బీ వాడమన్నారు. పీఎస్‌బీ అంటే ఫొటోసింథటిక్ బ్యాక్టీరియా, నేను పైన చెప్పిన ఊదారంగు వాటికి బంధువులే, ఎర్రటి ద్రవం డబ్బాల్లో వస్తుంది, మన ఆక్వా రైతులందరికీ తెలుసు. ఇరవై లీటర్ల డబ్బాలు ఆరు కొని చల్లాడు. ఏం మారలేదు. ఏరేటర్లు రాత్రింబవళ్లు తిప్పి, నీళ్లు మార్చి, మిగిలింది ముందే పట్టుబడి చేసి అమ్ముకున్నాడు. తరవాత అడుగున మిగిలిన అర లీటరు నాకు పంపాడు, "అక్కా, ఇందులో ఏముందో చూడు" అని.

చూశాను. మైక్రోస్కోపులో కడ్డీల్లాంటివి కొన్ని కనిపించాయి. వెలుతురులో, గాలి లేకుండా, ఫిలమెంట్ బల్బు ముందు మూడు వారాలు పెట్టాను, రెండు రకాల పోషక ద్రవాల్లో, ఒక్క గులాబీ చుక్క కూడా రాలేదు. గాలిలో ప్లేటు మీద వేస్తే మర్నాటికే తెల్లగా మామూలు బ్యాక్టీరియా మందంగా పెరిగింది. సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే యంత్రంలో తిప్పితే కణాలు అడుక్కి దిగాయి, తెల్లగా. ఎర్ర రంగు మాత్రం పైన నీళ్లలోనే ఉండిపోయింది. నిజమైన ఊదారంగు బ్యాక్టీరియా అయితే రంగు కణంలో ఉంటుంది, కణంతోపాటు అడుక్కి దిగాలి. నేను చూసింది ఒకే ఒక్క డబ్బా, అన్నీ ఇలాంటివే అనడం లేదు, మంచివీ ఉంటాయి. కానీ ఆ డబ్బా మీద కోట్లలో కౌంట్ ఉంది, గడువు తేదీ ఉంది, రంగురంగుల రొయ్య బొమ్మ ఉంది, ఒక్క జాతి పేరు లేదు, స్ట్రెయిన్ నంబరు లేదు. పేరు లేకపోతే ఏది కొన్నాడో మా తమ్ముడు ఎవరిని పట్టుకుని అడుగుతాడు? పేరుంటే, ఆ పేరుకు ఎక్కడో ఒక బ్యాంకులో అసలు స్ట్రెయిన్ ఉంటుంది, తెచ్చి పక్కన పెట్టి ఇది అదేనా కాదా అని తేల్చేయొచ్చు. వర్గీకరణ అంటే రైతు దగ్గరికి వచ్చేసరికి ఇదే.

డాక్టర్ల దగ్గరా అంతే. 1935లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలో ఒక అవాయు బ్యాక్టీరియా దొరికింది, పెంచడం కష్టమైందని డిఫిసిలిస్ అని పేరు పెట్టారు. నలభై ఏళ్లకు పైగా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. యాంటీబయాటిక్స్ వాడాక కొందరికి వచ్చే ప్రాణాంతకమైన విరేచనాలకు కారణం అదేనని 1978లో తేలింది. అప్పటికే పేరు, వివరం రాసిపెట్టి ఉన్నాయి కాబట్టి కొత్తగా దొరికిందీ పాతదీ ఒకటేనని పోల్చుకోగలిగారు. తరవాత జన్యువులు చూస్తే అది అప్పటిదాకా ఉంచిన క్లాస్ట్రీడియం ప్రజాతిలో ఇమడదని తెలిసి 2016లో క్లాస్ట్రీడియాయిడిస్ అనే వేరే ప్రజాతికి మార్చారు, డాక్టర్లు వాడే సీ.డిఫ్ అనే పొట్టి పేరు పోకుండా చూసుకుని మరీ. పేర్లు మారడం తప్పు కాదు, లెక్క సరిదిద్దుకోవడం. మార్చిన ప్రతిసారీ కారణం అచ్చులో ఉంటుంది.

మీ మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది, మనసులో పెట్టుకోకుండా చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి బెలూన్‌లో పంపిన పరికరాలకు ఇరవై నుంచి నలభై ఒక్క కిలోమీటర్ల ఎత్తులో దొరికిన మూడు కొత్త బ్యాక్టీరియా గురించి 2009లో ఇస్రో ప్రకటించినప్పుడు, అందులో ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టినప్పుడు, ఎక్కడ చూసినా ఆ వార్తే. బాగుంది, సంతోషించాను, ఆ పేపర్ కట్టింగ్ ఇప్పటికీ మా నోటీసు బోర్డు ఫైల్లో ఉంది. దానికి రెండేళ్ల ముందు భీమిలి చెరువు నుంచి, విశాఖ, కాకినాడ తీరాల నుంచి వచ్చిన నాలుగింటి గురించి నాకు తెలిసి తెలుగులో ఒక్క ముక్క కనబడలేదు. ఆకాశం నుంచి వస్తే వార్త, బురదలోంచి వస్తే కాదు. రెండింటి వెనకా చేసిన పని ఒకటే, బురద దానికి ఇంకాస్త ఎక్కువ ఓపిక కావాలి.

కాబట్టి నా విన్నపం ఇదీ. ఈసారి కొత్త బ్యాక్టీరియా అని ఎవరైనా ప్రెస్ నోట్ ఇస్తే, దాని పూర్తి పేరు ఏమిటో అడగండి, ఆ పేరు ఎక్కడ అచ్చయిందో అడగండి, స్ట్రెయిన్‌ని ఏ బ్యాంకుల్లో అప్పజెప్పారో అడగండి, దానికి దగ్గరి చుట్టం ఎవరు, ఏ తేడా వల్ల ఇది వేరయిందో ఒక్క లైను రాయించుకోండి. చెప్పలేకపోతే ఇంకా తేలలేదనే రాయండి, అదేం చిన్నతనం కాదు. రోగంతో సంబంధం లేనిదైతే అప్రమత్తం లాంటి మాటలు వద్దు. ఆక్వా పేజీ ఎలాగూ వారం వారం వేస్తున్నారు కదా, డబ్బా మీద జాతి పేరు, స్ట్రెయిన్ నంబరు లేని ప్రోబయోటిక్, అంటే చెరువులో చల్లే బ్యాక్టీరియా డబ్బా కొనొద్దని అందులో ఒకసారి పెద్ద అక్షరాల్లో వేయండి. రైతులు మీ మాట వింటారు.

మీ జిల్లా విలేకరి ఎవరైనా వస్తానంటే మా ల్యాబ్ కిటికీ పక్కన ఈ ఏడాది బ్యాచ్ పెట్టిన పదకొండు సీసాలున్నాయి, ఒక్కోదాని మీద పెట్టిన పిల్లల పేరు, తేదీ రాసి ఉంది. నిన్న సాయంత్రానికి నాలుగింటికి బల్బు వైపు రంగు తిరిగింది. ఆ కరోనా బొమ్మకు బదులు వాటిని ఫొటో తీసి వేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ లెక్చరర్,
కాకినాడ